కోనసీమ అంగన్‌వాడీలో ఒక రోజు: పసిపిల్లలూ తెర సమయమూ

బడి ఈడు రాని పిల్లలు రోజుకు ఎంతసేపు ఫోను, ట్యాబ్, టీవీల ముందు కూర్చోవచ్చు అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం గంటల్లోను నిమిషాల్లోను సమాధానం చెబుతుంది. అదే సమాధానం ఇంటి గడప దాటి లోపలికి వచ్చేసరికి వంటింటి పనితోను, తల్లి కూలితోను, అమ్మమ్మ ఓపికతోను ముడిపడి వేరే రూపం తీసుకుంటుంది. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తెలియాలంటే, పిల్లలు పగలంతా గడిపే చోటును, సాయంత్రం వారు తిరిగి చేరే ఇళ్ళను ఒకే రోజున కలిపి చూడాలి. కోనసీమలో కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక గ్రామపు అంగన్‌వాడీ కేంద్రంలో జరిపిన పర్యటన అందుకు అవకాశం కల్పించింది.

అంగన్‌వాడీ అంటే ముంగిలిలోని ఆవరణ. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద దేశమంతటా ఏర్పడిన ఈ కేంద్రాలను చాలాకాలం ప్రజలు గుడ్డు, పాలు, బాలామృతం ఇచ్చే చోట్లుగానే గుర్తుపెట్టుకున్నారు. అయితే 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య, అంటే అక్షరాల కంటే ముందు ఆటపాటలతోను మాటలతోను సాగే విద్య, నేర్పడం కూడా మొదటినుంచీ వాటి బాధ్యతే. 2020 నాటి జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసును పునాది దశగా గుర్తించడంతోను, 2023లో కేంద్ర ప్రభుత్వం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమాన్ని చేపట్టడంతోను ఆ బాధ్యతకు కొత్తగా ప్రాధాన్యం వచ్చింది.

ఉదయం సందర్శకులు చేరేసరికి కేంద్రపు వరండాలో చిన్న చిన్న చెప్పులు గోడవారగా ఉన్నాయి, లోపల చాప మీద పద్దెనిమిది మంది పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. గదిలో టీవీ లేదు. గోడల మీద అక్షరమాల, పక్షుల బొమ్మలు, పిల్లల ఎత్తు కొలిచే పట్టీ ఉన్నాయి. ఒక మూల తట్టలో చింతపిక్కలు, గవ్వలు, సీసా మూతలు, నునుపుగా గీకిన కొబ్బరిచిప్పలు ఉన్నాయి. మూడేళ్ళు నిండిన ఒక బాలుడు చింతపిక్కలను ఒక్కొక్కటిగా చిప్పలో వేస్తూ, ఒకటి జారి చాప కిందకు పోతే చాప అంచు ఎత్తి వెతికి తెచ్చుకుని, చిప్ప నిండగానే బోర్లించి మళ్ళీ మొదలుపెడుతూ దాదాపు ఇరవై నిమిషాలు గడిపాడు. మధ్యలో పక్కనున్న పాప నాలుగు పిక్కలు లాక్కుంటే ఏడుపు మొహం పెట్టాడు, టీచర్ వచ్చి ఇద్దరికీ చెరో చిప్ప ఇచ్చి, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనగానే ఆ తగవే ఆటగా మారిపోయింది.

ఈ చిన్న దృశ్యంలో ఉన్నదీ, తెర ముందు లేనిదీ ఏమిటో పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. రెండు మూడేళ్ళలోపు పిల్లలు ఎదుటి మనిషి నుంచి నేర్చుకున్నంతగా అదే విషయాన్ని వీడియో నుంచి నేర్చుకోలేరు. ఈ తేడాను శాస్త్రజ్ఞులు ‘వీడియో లోటు’ అంటారు. అమెరికాలోని సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల శిశువులకు చైనా భాష మాట్లాడేవారు పన్నెండు విడతలుగా ఎదురుగా కూర్చుని కథలు చదివి ఆడించినప్పుడు ఆ శిశువులు చైనా భాషా ధ్వనుల తేడాలను గుర్తించగలిగారు, అవే మాటలను టీవీలో చూపినప్పుడు మాత్రం ఏమీ నేర్చుకోలేదు. శిశువు చూపును బట్టి తన మాట మార్చుకునే మనిషి ఎదురుగా ఉండడమే ఈ తేడాకు మూలమని భావిస్తారు. చింతపిక్కల తగవును లెక్కల ఆటగా మార్చిన టీచర్ చేసిందీ అదే.

అయినా కేంద్రంలోకి తెర అసలు రాలేదని చెప్పడానికి వీల్లేదు. పిల్లల హాజరు, బరువు, ఎత్తు, ఇచ్చిన ఆహారం మొదలైన వివరాలను 2021 మార్చిలో వచ్చిన పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో నమోదు చేయవలసి ఉన్నందున, టీచర్ చేతిలో ఫోను తప్పనిసరి పనిముట్టు అయింది. ఫోను బయటికి తీయగానే ఇద్దరు ముగ్గురు పిల్లలు చాప మీదనుంచి లేచి ఆమె భుజం మీదుగా తొంగిచూశారు. ఆమె వారిని కసరలేదు. తాను ఏం రాస్తోందో పైకి చెబుతూ, ఎవరెవరు వచ్చారో పిల్లల చేతే పేర్లు చెప్పించి, పని పూర్తికాగానే ఫోనును అలమారలో పెట్టి తలుపు వేసింది. కంటికి కనిపించే చోట ఫోను ఉంటే పిల్లల చూపు దాని మీదే ఉంటుందని, అలమారలోకి వెళ్ళిన కాసేపటికే వారు దాన్ని మరిచిపోతారని ఆమె అనుభవం.

మధ్యాహ్న భోజనం వేళ కేంద్రం అసలు బలం బయటపడింది. అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు వడ్డించాక పిల్లలు వరుసగా కూర్చుని తింటున్నప్పుడు, నాలుగేళ్ళ ఒక పాప పక్క పిల్ల కంచంలోకి ఒకసారి, తన కంచంలోకి ఒకసారి చూస్తూ, పచ్చసొనను చివరికి అట్టిపెట్టుకుని, అన్నం మొత్తం తినేసింది. ఆ పాప ఇంట్లో ఫోనులో బొమ్మల వీడియో నడుస్తుంటే తప్ప నోరు తెరవదని, చేరిన మొదటి వారం ఇక్కడా అన్నం ముట్టలేదని, ఆ తర్వాత ఎవరూ బతిమాలకుండానే తినడం మొదలుపెట్టిందని ఆయమ్మ చెప్పింది. తెర చూస్తూ తినే బిడ్డకు ముద్ద రుచి, కడుపు నిండిన గుర్తు రెండూ సరిగా తెలియవు. ఆకలి చెప్పే మాటను వినడం కూడా పసితనంలో నేర్చుకోవలసిన విద్యే. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టిన అలవాటు మనదే కదా అని ఎవరైనా అనవచ్చు. కాని చందమామను చూపించే తల్లి బిడ్డతో మాట్లాడుతూనే ఉంటుంది, ముద్దకూ ముద్దకూ మధ్య బిడ్డ మొహం చూస్తూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే తల్లుల నెలవారీ సమావేశం జరిగింది. కొబ్బరి పీచు పనికి, పొలం పనికి వెళ్ళే తల్లులు కొందరే రాగలిగారు. మిగిలిన పిల్లల తరఫున అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చారు. “ఫోనెట్టకపోతే ముద్ద దిగట్లేదండీ టీచర్ గారూ” అని ఒక అమ్మమ్మ మొదలుపెట్టగానే చాలామంది తలలూపారు. టీచర్ ముందుగా హద్దులను వివరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు శిశువులకు తెర అసలు వద్దు, ఏడాది నిండి రెండేళ్ళు రానివారికీ అది తగదు, 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు గంట మించకూడదు, అంతకంటే తగ్గితే మరీ మంచిది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2021లో రూపొందించిన సూచనలూ దాదాపు ఇవే చెబుతాయి: రెండేళ్ళ లోపు తెర వద్దు, 2 నుంచి 5 ఏళ్ళ వరకు పెద్దల పర్యవేక్షణలో గరిష్ఠంగా ఒక గంట.

ఈ గంటను విడిగా తీసుకుంటే అది ఎక్కడినుంచి వచ్చిందో అర్థంకాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒక రోజు మొత్తం లెక్కలో భాగంగా చెప్పింది: 3, 4 ఏళ్ళ పిల్లలకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, కనీసం 180 నిమిషాల శారీరక చురుకుదనం కావాలి, అందులో 60 నిమిషాలైనా పరుగులు, గెంతులతో ఒళ్ళు వేడెక్కే ఆట ఉండాలి. వీటికి భోజనం, స్నానం, పెద్దల కబుర్లు కలిపితే రోజులో తెరకు మిగిలేది తక్కువే. కాబట్టి తెర మీద పెట్టే హద్దు నిజానికి నిద్రకు, ఆటకు, మాటకు కట్టే కంచె. అవి బాగున్న ఇంట్లో ఆ హద్దు పెద్దగా శ్రమ లేకుండానే నిలుస్తుంది.

సమావేశంలో మరొక చిక్కు బయటికి వచ్చింది. కోనసీమ నుంచి చాలామంది స్త్రీపురుషులు గల్ఫ్ దేశాలకు పనికి వెళతారు. ఈ కేంద్రంలోని ఒక బాలుడి తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది, బిడ్డ ఆమె మొహం చూసేది ఫోనులోనే. అదీ తెర సమయమేనా అని బాలుడి అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు వైద్యుల సూచనల్లో స్పష్టమైన సమాధానం ఉంది: దగ్గరి బంధువులతో అప్పుడప్పుడు జరిగే వీడియో కాల్‌కు రెండేళ్ళ లోపు వారికి సైతం మినహాయింపు ఉంది, ఎందుకంటే అవతల ఉన్నది బిడ్డకు బదులు పలికే మనిషి. వేళ మాత్రం చూసుకోవాలి. కువైట్ మన కంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక ఆ తల్లికి తీరిక దొరికేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదవుతోంది, కాల్ అయ్యాక బాలుడు నిద్రపోవడం లేదు. ఆ కుటుంబం ఇప్పుడు కాల్‌ను అక్కడ సెలవైన శుక్రవారం సాయంత్రానికి మార్చుకుంది.

సాయంత్రం, భోజనం వేళ చూసిన ఆ నాలుగేళ్ళ పాప వెంట ఇంటికి వెళ్ళిన సందర్శకులకు అసలైన కష్టకాలం కనిపించింది. నాలుగున్నర నుంచి తొమ్మిది వరకు తల్లి పనినుంచి వచ్చి, నీళ్ళు పట్టి, పొయ్యి వెలిగించి, అత్తగారికి మందులిచ్చి, వంట ముగించాలి; ఆ వేళలో పాప చేతికి ఫోనివ్వడం ఆమెకు నిర్లక్ష్యం వల్ల వచ్చిన అలవాటు కాదు, ఆ ఇంట్లో ఆ సమయానికి మరో చెయ్యి లేకపోవడం వల్ల వచ్చినది. తల్లిని తప్పుపట్టే సలహా ఏదైనా ఇక్కడే విఫలమవుతుంది. ముందు గదిలో ఎవరూ చూడని టీవీ సీరియల్ కూడా నడుస్తోంది. ఇలాంటి నేపథ్య టీవీని కుటుంబాలు లెక్కలోకి తీసుకోవు. సియాటిల్ వైద్యుడు దిమిత్రి క్రిస్టాకిస్ బృందం 2009లో నాలుగేళ్ళ లోపు పిల్లల ఇళ్ళలో మాటలను రికార్డు చేసి పరిశీలించినప్పుడు, టీవీ వినిపించే ప్రతి అదనపు గంటకు పిల్లల చెవినపడే పెద్దల మాటలు 770 వరకు తగ్గినట్లు తేలింది. ఆ ఇంట్లో టీవీ కట్టేసిన పది నిమిషాలకే నాయనమ్మ పాపను పిలిచి చిక్కుడుకాయల ఈనెలు తీయడం చూపించింది. తల్లికి కావలసిన రెండో చెయ్యి ఆ కాసేపట్లో దొరికింది.

తెర ఆపడం ఎలా అన్నది మిగిలిన ప్రశ్న. “ఇంకో రెండు నిమిషాలే” అని ముందుగా హెచ్చరించడం మంచిదని చాలామంది నమ్మకం; కాని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి హెచ్చరిక తర్వాత పిల్లల పేచీ పెరిగింది, వీడియో తనంతట తాను ముగిసినప్పుడు, రోజువారీ క్రమంలో తర్వాత ఏముందో పిల్లలకు ముందే తెలిసినప్పుడు తగ్గింది. ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే ఆటోప్లే అనే ఏర్పాటు ఈ సహజమైన ముగింపునే తీసేస్తుంది, కనుక దాన్ని కట్టేసి, చూపదలచిన ఒక్క వీడియోను పెద్దలే ఎంచి పక్కన కూర్చుని చూపించడం మేలు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో ఇచ్చిన సూచనల్లో భోజన వేళ, నిద్రకు ముందు గంట తెర లేకుండా ఉంచాలని ఉంది. ప్రకాశవంతమైన వెలుగు పడితే నిద్రకు శరీరాన్ని సిద్ధంచేసే మెలటోనిన్ అనే హార్మోను తగ్గుతుంది. ఏడుపు మాన్పడానికి ఎప్పుడూ ఫోనే మందు కాకూడదని కూడా ఆ అకాడమీ హెచ్చరించింది, ఎందుకంటే కోపాన్నీ విసుగునూ తనకుతానుగా తట్టుకోవడం బిడ్డ అప్పుడే నేర్చుకుంటుంది.

ఆ రాత్రి ఆ ఇంట్లో పెద్దలు చేసుకున్న ఏర్పాటు చిన్నది: అన్నం పెట్టేటప్పుడు తల్లి ఫోను, తండ్రి ఫోను, నాయనమ్మ ఫోను మూడూ గోడ గూట్లోకి వెళ్ళాలి. పాప మొదట ఏడ్చింది, రెండు ముద్దలు తిని లేచిపోయింది, గూటి వైపు చూసి మళ్ళీ ఏడ్చింది. తండ్రి ఫోను మోగినా ఆయన లేవలేదు. కాసేపటికి పాప వచ్చి ఆయన కంచంలో చెయ్యి పెట్టింది. గంటల లెక్క చెప్పడం వైద్యులకు సాధ్యమే, ఫోనును అలమారలో పెట్టి తలుపు వేయడం టీచరుకు సాధ్యమే. మోగుతున్న ఫోనును పెద్దలు గూట్లోనే ఉంచగలిగినప్పుడు మాత్రమే ఆ హద్దు బిడ్డకు ఇంటి పద్ధతిగా కనిపిస్తుంది.