నాలుగు వేళ్ల సందు

కారు పిచ్చి ఉన్నవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. రోడ్డు పక్కన ఏ కారు ఆగి ఉన్నా ముందు టైరు పైన సందు చూస్తాం, తర్వాత వెనక టైరు పైన సందు చూస్తాం. రెండూ సమానంగా ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. లేకపోతే గోడకి వంకరగా తగిలించిన ఫొటోని చూసినట్టు చిరాకు. కారు అలా నిలబడే తీరునే మేం స్టాన్స్ అంటాం.

మా నాన్న 2014లో కొన్న స్విఫ్ట్ డీజిల్‌కి ఆ సందులో ముందు మూడు వేళ్లు పట్టేవి. వెనక నాలుగు పట్టి ఇంకా కాస్త మిగిలేది. పక్కనుంచి చూస్తే కాలవలో నీళ్లు తాగడానికి వంగిన దూడలా కనిపించేది. ఏడేళ్లు ఓర్చుకున్నాను. 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ హైదరాబాద్ నుంచి తణుకు వచ్చి పడ్డాక, వీధి గదిలో కూర్చుని ఆఫీసు మీటింగులు వింటుంటే కిటికీలోంచి రోజంతా అదే కనపడేది. ఇక నా వల్ల కాలేదు.

వేళ్లతో కొలిస్తే ఇంజినీరింగ్ చదివి ఏం లాభం? టేపు తీశాను. చక్రం మధ్య నుంచి పైన అంచు వరకూ కొలవాలి. నేల మీంచి కొలిస్తే టైర్లో గాలి తగ్గినా పెరిగినా లెక్క తప్పుతుంది. ముందుకీ వెనక్కీ 15 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే ముందు 30, వెనక 45 దించితే సమానం. ఎక్సెల్ షీటు కూడా వేశాను, సిగ్గు లేకుండా.

షెడ్డులో మెకానిక్ నా షీటు చూసి నవ్వాడు. "ఎందుకండీ అంత ఖర్చు, ఉన్న స్ప్రింగే ఒక చుట్టు కోసేస్తే సరిపోద్దండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. నా జీతంలోంచి రెడీమేడ్ పొట్టి స్ప్రింగులు తెప్పించాను, బిగించాక అలైన్‌మెంట్ కూడా చేయించాను. కారు దిగితే చక్రాల కోణం మారుతుంది, పట్టించుకోకపోతే టైర్లు లోపలివైపు అరిగిపోతాయి. పద్ధతి ప్రకారం చేస్తున్నానని నాకు చాలా గర్వంగా ఉండేది.

సాయంత్రం గోస్తనీ వంతెన దగ్గర ఫొటోలు తీశాను. ముందూ వెనకా గీత గీసినట్టు సమానం! ఇన్‌స్టాలో నా ఫొటోకి అన్ని లైకులు ఎప్పుడూ రాలేదు. నాన్న ఇంటి ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏదో కూర్చున్నట్టుంది కారు" అన్నారు. కాసేపాగి, "పాత స్ప్రింగులేవిరా?" అని అడిగారు. షెడ్డులోనే ఉన్నాయి, పాత ఇనుముకి వేసేస్తారు అని చెప్పాను.

2022 మార్చిలో మామ్మ కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్దామంది. ఫాల్గుణంలో జరుగుతుంది అది. ఒకప్పుడు పడవల మీదే వెళ్లేవాళ్లమని దారి పొడుగునా చెబుతూనే ఉంటుంది. నేను డ్రైవింగ్, పక్కన నాన్న, వెనక అమ్మ, అత్తయ్య, మధ్యలో మామ్మ. డిక్కీలో ఎసరు పెట్టుకునే గిన్నెలతో సహా అన్నీ. బయల్దేరేటప్పుడు వెనక సందు చూశాను. ఒక వేలు కూడా పట్టలేదు.

అత్తిలి దాటకుండానే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగున గర్ మని రాసుకుంది. అమ్మ "అయ్యో" అంది. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పుంటే కారు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మా ఊళ్లలో ఎవరైనా యాక్సిడెంట్లో పోతే మర్నాడు ఊరివాళ్లే కంకర పోసి వేసేస్తారు. దాని ఎత్తు ఆ రోజు వాళ్లకొచ్చిన కోపాన్ని బట్టి ఉంటుంది.

రెండోదాని దగ్గర నాన్న దిగారు. మూడోదానికి అందరూ దిగారు. భీమవరం దాటి, ఆకివీడు వైపు వచ్చేసరికి అదొక పద్ధతైపోయింది. నేను ఆపడం, వాళ్లు దిగడం, నాన్న ముందుకెళ్లి వంగి అడుగుకి చూస్తూ "రా... రా... ఎడమకి కొయ్యి" అనడం. నల్లరేగడి నేల వానకి ఉబ్బి, ఎండకి కుంగుతుంది కదా, దాని మీద రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ లేనిచోట కూడా వెనక చక్రం లోపలి అంచుకి రాసుకుని రబ్బరు కాలిన వాసన వచ్చింది. మామ్మకి రెండు మోకాళ్లూ నొప్పే. డెబ్బై ఎనిమిదేళ్లు. ఏడోసారో ఎనిమిదోసారో ఆపినప్పుడు, "నన్ను దింపకురా నాన్నా, నేనెంత బరువుంటాను" అంది.

ఏమీ అనలేకపోయాను. దింపలేదు. గర్ మంది.

దర్శనం అయింది. తిరుగు ప్రయాణంలో కైకలూరు వచ్చాక నాన్న బస్టాండ్ దగ్గర ఆపమన్నారు. ఆడవాళ్లు ముగ్గురినీ భీమవరం బస్సెక్కించి, తనూ ఎక్కేశారు. "ఖాళీగా అయితే బాగానే వెళ్తదిగా. నువ్వు జాగ్రత్తగా తెచ్చేయ్" అన్నారు కిటికీలోంచి. కోపంగా కాదు, నిజంగానే.

ఖాళీ కారు భలే వెళ్లింది, ఎక్కడా పెద్దగా రాసుకోలేదు. చీకటి పడ్డాక లైట్లు వేస్తుంటే, స్టీరింగ్‌కి కుడిపక్కన ఉండే చిన్న చక్రం చేతికి తగిలింది. 0, 1, 2, 3 అని ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఉంది, ఎవరం తిప్పలేదు. వెనక బరువు పెరిగితే కారు వెనక్కి కుంగి లైట్లు ఆకాశంలోకి కొడతాయి కాబట్టి వాటిని కిందికి వంచడానికి పెట్టింది అది. అంటే కారు తయారుచేసినవాడు వెనక మనుషులు కూర్చుంటారనీ, డిక్కీలో బస్తా పడుతుందనీ ముందే లెక్కేసుకున్నాడు. ఆ నాలుగో వేలు సందు మామ్మది. నేను ఖాళీ కారుని కొలిచి సరిచేశాను.

కాలిఫోర్నియాలో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు 1940, 50ల్లోనే కార్లని ఇలా కిందకి దించేవాళ్లు. డబ్బు లేనివాళ్లు డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవాళ్లట! 1958లో అక్కడ చక్రం రిమ్ము కంటే కారు కిందకి ఉండకూడదని చట్టం వచ్చింది. మన దగ్గరా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చని ఉంది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. ముందే తెలిసినా ఆగేవాణ్ణి కాదేమో, అదీ చెప్పాలి.

నిజంగా తగిలింది ఇంకోటి. ఆ జాతర తర్వాత ఇంట్లో కారు అడగడం మానేశారు. మామ్మని కంటి డాక్టర్ దగ్గరికి ఆటోలో తీసుకెళ్లారు. అత్తిలి చేలోంచి వచ్చే తిండి బియ్యం ఎప్పుడూ డిక్కీలోనే తెచ్చేవాళ్లం, ఆ ఏడాది ట్రాలీ ఆటోలో వచ్చాయి. నేను ఇంట్లోనే ఉన్నానుగా, చెప్తే వెళ్లేవాణ్ణిగా అంటే నాన్న, "నీ కారెందుకులేరా, ఇబ్బంది" అన్నారు.

నీ కారు. ఆయన ఈఎంఐ కట్టిన కారు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు సెలవులకి స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్లిన కారు.

ఆ రాత్రి కంపెనీ స్ప్రింగులు కొత్తవి ఎంతవుతాయో ఫోన్లో వెతుకుతుంటే నాన్న వెనకనుంచి చూసి, "అటక మీద చూడు" అన్నారు. గోనెసంచిలో చుట్టి ఉన్నాయి, నాలుగూ. తుప్పు పట్టకుండా నూనె రాసి, ఏది ముందుదో ఏది వెనకదో కాగితం కట్టి మరీ. నేను గోస్తనీ దగ్గర ఫొటోలు తీసుకుంటున్న సాయంత్రమే షెడ్డుకెళ్లి స్కూటర్ మీద తెచ్చుకున్నారట. నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీ సరదా తీరాలిగా" అన్నారు.

మెకానిక్ మళ్లీ నవ్వాడు. "ఆయ్, నాన్నగారు ఆ రోజే చెప్పారండి, మళ్లీ వస్తాడని" అన్నాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. అలైన్‌మెంట్ మళ్లీ చేయించి ఇంటికి తెచ్చేసరికి నాన్న గేటు దగ్గరే ఉన్నారు. వంగి వెనక టైరు పైన సందులో చెయ్యి పెట్టి చూశారు. నా పిచ్చి ఆయనకీ అంటుకున్నట్టుంది.

"రేపు మీటింగులేమైనా ఉన్నాయా?"

"పన్నెండు దాకా లేవు."

"అయితే పొద్దున్నే అత్తిలి వెళ్దాం. మినుములు ఒక బస్తా ఉన్నాయి."