మా నల్లమల సంచిక

వార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాసి పంపుమని నేటి సంపాదకులు కోరినప్పుడు, ఈ పాఠశాలలో చదువుకొను దినములలో నేను సంపాదకుడనై వెలువరించిన పత్రిక నాకు జ్ఞప్తికి వచ్చినది. అది అచ్చుపత్రిక కాదు, లిఖితపత్రిక. దానికి ప్రతి యొక్కటియే. అందు నేను చేసిన యొక తప్పును గూర్చి, అది దిద్దబడిన విధమును గూర్చి చదువరులకు విన్నవింపదలచితిని.

1985వ సంవత్సరమున నేను తొమ్మిదవ తరగతి చదువుచు వసతిగృహమున నుంటిని. వసారాలో నిలిచి పడమటి దిక్కు చూచినచో నల్లమల కొండలు వరుసదీరి నీలముగా కనబడుచుండెను. ఒకనాడు తెలుగు పండితులుగారు మమ్ము పిలిచి, “ప్రతిదినము చూచుచున్న కొండను గూర్చి మీకేమి తెలియును? ఈ మాఱు సంచిక యంతయు నల్లమల మీదనే వెలువడవలెను” అని యానతిచ్చి, ఆ పని నాకు ఒప్పగించిరి. నా యానందమునకు మేర లేకపోయెను.

నెల దినములు గ్రంథాలయమున కూర్చుండి విషయములు సేకరించితిని. తూర్పు కనుమలలో నొక భాగమైన నల్లమల కృష్ణా పెన్నానదుల నడుమ ఉత్తరదక్షిణములుగా వ్యాపించియున్నదనియు, గుండ్లకమ్మ అందే పుట్టి తూర్పు సముద్రమును చేరుచున్నదనియు, శ్రీశైలము, అహోబిలము, మహానంది మున్నగు క్షేత్రములు దాని యొడిలోనే వెలసినవనియు వ్రాసితిని. ఈ యడవి 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడుటయు, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేర్చబడుటయు పేర్కొంటిని. టేకు, నల్లమద్ది, వెదురు, ఇప్ప మొదలగు చెట్ల పట్టిక కూర్చితిని. ముఖపత్రముపై నా మిత్రుడొకడు పెద్దపులిని చిత్రించెను. నడిమి పుటలో నేను పటము గీసి, అడవినంతయు పచ్చరంగుతో నింపితిని. క్షేత్రముల పేర్లు తప్ప ఆ పచ్చదనములో వేఱొక పేరు లేదు. పటము క్రింద “మానవుడు కాలు మోపని మహారణ్యము” అని యెఱ్ఱసిరాతో వ్రాసి, ఆ వాక్యమును చూచుకొని మురిసిపోతిని.

సంచికను పఠనమందిరమున బల్లపై నుంచిరి. ఉపాధ్యాయులందఱు మెచ్చుకొనిరి. రెండవనాటి సాయంకాలము ఏడవ తరగతి చదువుచున్న చెంచు బాలుడొకడు నన్ను వెదకుకొనుచు వచ్చెను. అతడు మితభాషి. చింతచెట్టు చిటారుకొమ్మ నెక్కుటలో తప్ప మఱి యెందును మేమతనిని గమనించి యెఱుగము. కొంతసేపు నేలచూపు చూచి, మెల్లగా నిట్లనెను:

“అన్నా, అడవిలో మనుష్యులే లేరని వ్రాసినావు. మఱి మా యమ్మ యెక్కడ నున్నట్లు?”

అప్పుడే తప్పొప్పుకొనియుండినచో ఈ కథ అంతటితో ముగిసియుండును. కాని సంపాదకుడనను గర్వము నన్ను విడువలేదు. “పుస్తకములలో నున్నది వ్రాసితిని. పెద్దపులులుండు చోట మనుష్యులెట్లుందురు?” అంటిని. అతడు మాఱు పలుకక వెడలిపోయెను. ఆ రాత్రి భోజనపు పంక్తిలో అతడు కనబడలేదు. నాకును ముద్ద దిగలేదు.

తెల్లవారిన పిమ్మట పండితులుగారితో సంగతి విన్నవించితిని. వారు కోపింపలేదు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు 1940లో కృష్ణకు ఆవలి యొడ్డున నున్న అమరాబాదు ప్రాంతపు చెంచుల నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి యొక గ్రంథమును ప్రకటించెనని చెప్పిరి. “ఎక్కడనో ఆస్ట్రియా దేశమున పుట్టినవాడు వారి గుడిసెల యొద్దకు నడచిపోయెను. నీవు ప్రక్కగదిలోని వానినైనను అడుగలేదు” అనిరి. బెత్తముతో కొట్టినను నాకంత నొప్పి కలిగియుండదు.

దసరా సెలవులలో పండితులుగారును నేనును ఆ బాలుని వెంట వారి పెంటకు పోతిమి. పెంట యనగా చెంచుల పల్లె. దోర్నాల దాటినంతవఱకు బస్సులోను, అటుపిమ్మట కాలినడకను చేరితిమి. పదిపండ్రెండు గుడిసెలు, గుండ్రని తడికగోడలు, పైన శంకువు వంటి గడ్డికప్పు. బాలుని తల్లి మాకు ఆకుదొన్నెలో తేనె పోసి యిచ్చెను. ఆమె గడ్డలు త్రవ్వుచు, తీగ మొదటిని మరల మట్టిలో పూడ్చుట చూచితిని. కొండచరియ నంటియున్న పట్టునకై తాడు పట్టుకొని దిగునప్పుడు, పైన ఆ తాడును కాచువాడు బావమఱదియే కావలెనట. తోబుట్టువు పసుపుకుంకుమలు తలచువాడు తాడు విడువడు గదా యని తండ్రి నవ్వుచు చెప్పెను. తపసి జిగురు, తునికి పండ్లు, ఇప్పపువ్వు ఏ మాసమున దొరకునో వారికి పంచాంగముతో పనిలేదు.

నేను తెచ్చిన పటమును నేలపై పఱచితిని. ఆ బాలుడు తల్లిదండ్రుల నడుగుచు పేర్లు చెప్పసాగెను. ఈ వాగునకొక పేరు, ఆ బండకొక పేరు, ఎండకాలమున నీరుండు చెలమకొక పేరు, పూర్వము పెంట యుండి విడిచిన తావునకు వేఱొక పేరు. గడియసేపటికి నా పచ్చరంగు పటములో అక్షరము పట్టుటకు చోటు మిగులలేదు. మానవుడు కాలు మోపలేదని నేను వ్రాసిన చోట, కాలికొక పేరు తగులుచుండెను.

తిరిగివచ్చిన తరువాత ఆ పుటను చింపివేయబోతిని. పండితులుగారు వారించిరి. “చింపిన తప్పు కనబడదు. కనబడని తప్పు మరల జరుగును. ఉండనిమ్ము. దాని వెంటనే నిజమును కుట్టుము” అనిరి. అట్లే నాలుగు పుటలు చేర్చి దారముతో కుట్టితిమి. బాలుడు చెప్పెను; నేను వ్రాసితిని. రచయితగా అతని పేరే పైన నుంచి, నా పేరు క్రింద వ్రాయసకానిగా చేర్చుకొంటిని. ఆ దినమునుండి అతడు నాకు మిత్రుడు. పెద్దవాడై అతడు అడవిలో పులుల జాడలు చూచి కాపాడువారిలో చేరెను.

ఇది బాలుర లిఖితపత్రికలో దొరలిన చిన్నతప్పే గదా యని కొందఱు తలపవచ్చును. నేనట్లు తలపను. ఎవరును లేరని వ్రాసిన తావునకు ఎవరైనను వచ్చి త్రవ్వవచ్చును, ఉన్నవారిని పొమ్మనవచ్చును. అడవిలో తరతరములుగా నున్నవారి హక్కులను గుర్తించుటకు 2006లో చట్టము చేయవలసి వచ్చినది. 2019లో అమరాబాదు ప్రాంతమున యురేనియము కొఱకు అన్వేషణ మాట పుట్టగా, చెంచులును వారితోపాటు అనేకులును ఎదిరించిరి. ఆ సెప్టెంబరు మాసమున తెలంగాణ శాసనసభ త్రవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానించెను. ఆ వార్త చదివిన నాడు, పెంటలో తల్లి చెప్పిన వాగుల పేర్లు నా చెవులలో మరల వినబడెను. ఆ యడవిలో మనుష్యులు లేకయుండినచో అడ్డుపడువారెవరు?

విద్యార్థులారా! మీరును మీ కొండను గూర్చియో, మీ యేటిని గూర్చియో పత్రిక వెలువరింతురు గాక. పులిని వర్ణింపుడు, వెన్నెలను వర్ణింపుడు. కాని కలము పట్టుటకు ముందు, అక్కడ పుట్టిన వాడు మీ తరగతిలో ఏ బల్లపై కూర్చున్నాడో వెదకి, అతని ప్రక్కన కూర్చుండుడు. అతనికై నాలుగు పుటలు విడువుడు. మేము కడపట కుట్టిన పుటలను మీరు మొదటనే కుట్టవలెనని నా మనవి.