తప్పుల చిట్టా

నలువది యేండ్ల వయస్సు సమీపించినవాడును, బ్యాంకులో పరుల సొమ్ము లెక్కించి లెక్కించి తల నెరపించుకొనినవాడును, ఇద్దరు బిడ్డల తండ్రియునైన ఒక గృహస్థుడు, వేకువను నాలుగున్నరకు లేచి, విజయవాడ సత్యనారాయణపురములోని యొక మేడమీది వరండాలో దీపము వేసికొని, ఒక రాజును ఆతని మంత్రులను ముందిడుకొని, ఈ వాక్యములోని క్రియ రాజుతో పోవునా, మంత్రులతో పోవునా యని పెన్సిలు కొరుకుచు కూర్చుండుట లోకమునకు వింతగా తోచకుండునా? మా పాలవాడు నాలుగు దినములు ఊరకుండి, అయిదవనాడు పాలప్యాకెట్లు గడపలో పెట్టుచు, "ఏం సార్, ప్రమోషను పరీక్షా?" అని అడిగెను. అవునంటిని. నిజము చెప్పబూనినచో ఆ పాలు విరిగిపోవునంత సేపు పట్టును.

నేను వ్రాయబూనిన పరీక్ష పేరు జీమ్యాట్. 1953లో అమెరికాలోని తొమ్మిది వ్యాపార విద్యాలయములవారు కూడి, తమ వాకిట నిలిచిన విద్యార్థుల నందఱను ఒకే కొలబద్దతో కొలువదలచి దీనిని తలపెట్టిరి. మరుసటి యేట తొలి పరీక్ష జరిగెను. ఇప్పటి పేరు 1976లో వచ్చెను. 1997 నుండి కాగితమును విడిచి కంప్యూటరు నాశ్రయించెను. అప్పటినుండి దాని స్వభావమే మాఱినది. మనము సరియైన జవాబు చెప్పినకొలది తరువాతి ప్రశ్న కఠినమగును, తప్పినకొలది సులభమగును. కావున బాగుగ చదివినవానికి ఆ గదిలో సుఖమన్నది లేదు. ఎప్పుడైన నొక ప్రశ్న తేలికగా కనబడినచో సంతోషించుటకు మాఱుగా గుండె జారిపోవును. అత్తవారింటి మర్యాదలును కొంతవఱకు ఇట్లే నడచునుగాని ఆ ప్రస్తావన యిక్కడ వలదు.

నన్నీ యూబిలోనికి దింపినది అసూయ. 2001లో హైదరాబాదు గచ్చిబౌలిలో వెలసిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో ఒక్క యేటి చదువు చదివి, నాకంటె ఆఱేండ్లు చిన్నవాడైన యొక పూర్వ సహోద్యోగి 2012 ఉగాదికి మా శాఖకు వచ్చి, నా కెదుట కూర్చుండి, నేను తెప్పించిన టీ త్రాగి, నేనెన్నడును వినని మాటలు నాలుగు పలికిపోయెను. ఆ సాయంకాలమే లెనిన్ సెంటరులోని పాతపుస్తకముల అంగళ్లకు పోయితిని. అక్కడ ఇంజనీరింగు గైడుల క్రింద, వెనుకటట్ట చినిగిన జీమ్యాట్ అఫిషియల్ గైడ్ ఒకటి దొరికెను. దానిని నాకు ముందెవరో చదివియుండిరి. ప్రతి ప్రశ్నకును ప్రక్కన సన్నని పెన్సిలు గుర్తు, కొన్నింటికి రెండేసి, ఒకదానికి మాత్రము మూడు ప్రశ్నార్థకములు. ఆ గుర్తులు సగము పుస్తకము వఱకు నడచి, డేటా సఫిషియెన్సీ అధ్యాయము నడుమ, పుట మధ్యమున హఠాత్తుగా ఆగిపోయినవి. ఆ పురుషుడో స్త్రీయో అక్కడ విసిగి విడిచెనో, పెండ్లియై వెడలెనో, లేక అంతటితో చాలునన్న ధీమాతో పరీక్షకు పోయెనో! నేనా పుటను దాటిన దినమున మా యింట పాయసము చేయించితిని, కారణము చెప్పలేదు.

ఆనాటి పరీక్షలో గణితమునకు 75 నిమిషములలో 37 ప్రశ్నలు, భాషకు 75 నిమిషములలో 41. భాషాభాగములో నన్ను మిక్కిలి బాధించినది సెంటెన్స్ కరెక్షన్, చదువువారి నోట ఎస్‌సీ. ఒక దీర్ఘవాక్యమిచ్చి, కొంతమేర క్రింద గీత గీసి, దానిని దిద్దుటకు అయిదు పాఠములు చూపుచుండిరి. వానిలో మొదటిది ఎల్లప్పుడును మూలవాక్యమే. అనగా తప్పే లేకపోవచ్చును. గీత గీచినంతమాత్రమున దోషమున్నదని నమ్మువాడు అచ్చటనే చిక్కును. నేను చిక్కితిని, ఒకసారి కాదు, నూఱుసారులు. నా తప్పులన్నింటిని ఒక పొడుగు లెడ్జరులో తేదీలతో నమోదు చేయ నారంభించితిని. బ్యాంకువాని కింతకంటె వేఱు వ్రత మేమున్నది? అట్ట మీద "తప్పుల చిట్టా" యని వ్రాసితిని.

ఆ చిట్టాలో నొక విచిత్రము కాననయ్యెను. ఆంగ్లవ్యాకరణమున నేను తప్పినచోట్లలో సగము, చిన్ననాడు బడిలో తెలుగువ్యాకరణమున వల్లించి మఱచినచోట్లే. ముందు చెప్పిన రాజునే చూడుడు. మంత్రులతో కూడ రాజు వచ్చినప్పుడు ఆంగ్లమున క్రియ ఏకవచనముననే యుండవలెనట. నడుమ నెందఱు మంత్రులు చొరబడినను రాజొక్కడే లెక్క. దీనిని నేను పదునొకండుమార్లు తప్పితిని. పండ్రెండవమాఱు తటాలున మా తెలుగుమాస్టారి బెత్తము జ్ఞప్తికి వచ్చెను. చేతన్, చేన్, తోడన్, తోన్ - తృతీయావిభక్తి. తోడు వచ్చినవాడు అప్రధానుడు, అప్రధానునకే తృతీయ యని పాణిని యేనాడో చెప్పియుండెను. 'మంత్రులతో' అన్నప్పుడే మంత్రులు కర్తృత్వమును వదలుకొన్నారు. ఇక క్రియ వారి ముఖ మేల చూచును? రెండువేల యేండ్లకు పైబడిన ఆ యెఱుక, నా బుఱ్ఱలోనే దుమ్ముపట్టియుండగా, నేను చినిగిన అట్టల పుస్తకమును కొని, దానిని సముద్రముల కావలినుండి దిగుమతి చేసికొనుచుంటిని.

మఱొకటి కర్త లేని క్రియ. "బస్సు దిగుచు నా గొడుగు జారిపోయెను" అన్నచో, ఆంగ్లవైయాకరణుడు, దిగినది గొడుగా యని యడుగును. పాణినియు క్త్వాప్రత్యయమునకు ముందుపనికిని వెనుకపనికిని కర్త యొక్కడే కావలెనని నియమించెను. కాని తెలుగువాడు ఇంత పట్టింపువాడు కాడు. వానలు కురిసి చెఱువులు నిండినవని మనము నిశ్చింతగా చెప్పుదుము. కురిసినవి వేఱు, నిండినవి వేఱు. ఐనను కారణము వెంట కార్యము నడచివచ్చుచున్నది గావున చెవికెక్కడను ఎగుడుదిగుడు తోపదు. ఇది మన భాష యొక్క ఔదార్యమో అలసత్వమో నేను తీర్పు చెప్పజాలను. మేము, మనము అన్న భేదము మాత్రము ఆంగ్లమునకు లేదు. ఎదుటివానిని కలుపుకొనుటయో విడుచుటయో తెలియని ఆ ఒక్క సర్వనామముతో వారిన్ని యేండ్లు కాపురమెట్లు చేసిరో యని నాకిప్పటికి నాశ్చర్యమే.

ఇట్టి చదువు మనుష్యుని చెడగొట్టును. రెండు నెలలు గడచుసరికి వచ్చిన శుభలేఖలన్నింటికి ఎఱ్ఱసిరాతో దిద్దుబాట్లు చేయుచుంటిని. పైయధికారి సర్క్యులరులో విశేషణము తన విశేష్యమునుండి రెండు పంక్తుల దూరమున అనాథగా పడియుండుట చూచి కన్నీరు పెట్టుచుంటిని. ఒక రాత్రి మా యావిడ వంటింటినుండి, "పిలిచి పిలిచి అన్నం చల్లారిపోయింది" అనెను. నేను పుస్తకమునుండి తలయెత్తక, "ఎవరు పిలిచిందీ, అన్నమా?" అంటిని. కొంత సేపు నిశ్శబ్దము. పిమ్మట, "అవును, అన్నమే పిలిచింది. లేచి రండి" అన్న జవాబు వచ్చెను. లేచితిని. ఆ వాక్యమును మాత్రము చిట్టాలో నమోదు చేసితిని, ఎవరి తప్పుగానో వ్రాయకుండ.

గణితమున నాకు భయము లేకుండెను. ఉండవలసినదని పిదప తెలిసెను. క్యాలిక్యులేటరు నిషిద్ధము. పదునైదేండ్లుగా కంప్యూటరు కట్టిపెట్టిన వడ్డీలకు సంతకము మాత్రము చేయుచున్న వ్రేళ్లకు, పదునేడవ యెక్కము దాటగానే చెమటలు పట్టినవి. శిక్షణపుస్తకములు, ఎనిమిదవవంతన్న నూటికి 12.5, పదునాఱవవంతన్న 6.25, అష్టమభాగములు మూడైన 37.5 అని ఒక పట్టిక యిచ్చి కంఠస్థము చేయుమని శాసించును. నాలుగు దినములు కుస్తీపట్టి, రాక, అయిదవనాడు మా తాతగారిని తలచుకొంటిని.

ఆయన తెనాలిలో నొక బియ్యపుకొట్టున గుమాస్తా. 1957లో నయాపైసలు వచ్చినను ఆయన లోపలి ఖజానాలో అణాలే చెలామణి యగుచుండెను. నేనారవ తరగతిలో శాతములతో ఏడ్చుచుండగా, "నూటికి పన్నెండున్నర అంటావేమిరా, రూపాయికి బేడ అను" అని నవ్వెడివారు. అప్పుడది నాకు ముసలివారి చాదస్తముగ తోచెను. ఇప్పుడు పరికింపగా, ఆ పట్టిక అంతయు ఆయన నాలుక చివర నుండెడిది! రూపాయికి పదునాఱణాలు గదా: అణా 6.25, బేడ 12.5, పావలా 25, ఆఱణాలు 37.5, పదణాలు 62.5, పదునాలుగణాలు 87.5. మూడవవంతు గూడ వారికి పుల్లవిరుపు లెక్కయే. చిట్టాలో రూపాయలు-అణాలు-పైలుగ 0-5-4 అని వ్రాసి ముందునకు సాగెడివారు. నూటికి నూఱుపాళ్లు తెలుగువాడనుటకు పదహారణాల తెలుగువాడని మనమిప్పటికిని అనుచున్నాము. ఆ మాటలోని శాతము మాత్రము కఱగిపోయి పొగడ్త మిగిలినది. ఆ సాయంకాలము నుండి జీమ్యాటు శాతములన్నింటిని అణాలలోనికి మార్చుకొని చేసితిని. ఏడవవంతు ఏ నాణెమునకును లొంగక మొండికెత్తెను. దానిని శిక్షణపుస్తకములు చెప్పినట్లే వల్లించితిని.

ఇక డేటా సఫిషియెన్సీ. దీనిని గూర్చి చెప్పుటకే యింత దూరము వచ్చితినేమో. ఇందులో జవాబు చెప్పనక్కఱలేదు. జవాబు చెప్పుటకు వలసిన సామగ్రి యున్నదా లేదా యని మాత్రమే చెప్పవలెను. ఒక ప్రశ్న వేసి, రెండు సమాచారములిచ్చి, మొదటిది యొక్కటే చాలునా, రెండవది యొక్కటే చాలునా, రెండును కలిసిననే చాలునా, దేనికదియే చాలునా, కలిసినను చాలదా యని యడుగుదురు. ఉదాహరణమునకు, అరటిపండు 7 రూపాయలు, మామిడిపండు 23 రూపాయలు, ఒకడు కొన్ని అరటిపండ్లు, కొన్ని మామిడిపండ్లు కొనెను, అరటిపండ్లెన్ని? మొదటి సమాచారము: ఆతడిచ్చినది 136 రూపాయలు. రెండవది: మొత్తము పండ్లు 8. బడిలో మనకు నేర్పినది, రెండు తెలియని రాశులకు రెండు సమీకరణములు కావలెనని. కాబట్టి మంచి విద్యార్థి రెండును కలిసిననే చాలునని గుర్తు పెట్టి చక్కగా పోవును, చక్కగా తప్పును. ఏలయన అంగడివాడు పండును కోసి అమ్మడు. 136 నుండి ఇరువదిమూళ్లు తీసివేయుచు రండు: 113, 90, 67, 44, 21. వీనిలోగాని మొదటి 136లోగాని ఏడుచే నిశ్శేషముగా భాగింపబడునది 21 ఒక్కటే. ఐదు మామిడిపండ్లు, మూడరటిపండ్లు. వేఱు మార్గము లేదు. మొదటి సమాచార మొక్కటే చాలును. పండు పండుగానే యుండునన్న లోకజ్ఞానము రెండవ సమీకరణమునకు మాఱుగా నిలిచినది.

లెక్కలను పద్యములుగ అల్లిన దేశము మనది. మహావీరాచార్యుల గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన కావ్యమువలె గణితమును నడపెను. కాని లెక్కను చేయకుండ నిలుపుట విద్యయని యెవరును నాకు చెప్పలేదు. చిత్రమేమనగా, ఆ విద్యతోనే నేను జీతము తీసికొనుచుంటిని. అప్పునకు వచ్చిన రైతు కాగితములు నా బల్లమీదికి వచ్చును: పాసుపుస్తకమున్నదా, అడంగలున్నదా, హామీదారు సంతకమున్నదా? ఋణమిచ్చుట, ఈయకుండుట పైవారి పని. కాగితములు చాలునో చాలవో చెప్పుట నా పని. వాని కూతురి పెండ్లి యేమయ్యెనో, బోరులో నీరు పడెనో లేదో, నేనెన్నడును అడుగలేదు. అందువలననే కాబోలు, ఈ యొక్క విభాగమున నాకు తప్పులు తక్కువ.

పరీక్షనాటి విషయమెక్కువ లేదు. హైదరాబాదులోని కేంద్రమున అరచేతిని ఒక యంత్రముపై నుంచి నరముల పటము తీసికొనిరి. గడులు గీచిన పసుపుపచ్చని ప్లాస్టిక్ పుటలును, తుడుపరాని కలమును ఇచ్చిరి. ఎసి చలికి నా యేడవవంతు గడ్డకట్టెను. కడపట తెరమీద 680 అని తేలినది. ఏడువందలకు ఇరువది తక్కువ, రూపాయిలో అరణా కొఱత యనుకొంటిని. ఆ మాసమే రాయలసీమకు బదిలీ ఉత్తర్వు వచ్చెను. బిడ్డల బడులు, ఇంటద్దె, సామానుల లారీ - ఇవి ముందుపడినవి. పుస్తకమును చిట్టాయు అటక యెక్కినవి.

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కుమారుడు, హైదరాబాదున సాఫ్టువేరు చేయువాడు, జీమ్యాటు వ్రాయుదునని చెప్పగా, నేనెంతో ఉత్సాహముతో నిచ్చెన వేసి చిట్టాను దింపి దుమ్ము దులిపి వాని చేతబెట్టితిని. వాడు రెండు పుటలు త్రిప్పి, మెల్లగా, "మామయ్యా, ఎస్‌సీ తీసేశారు గదా" అనెను. 2023 నవంబరులో పరీక్ష కొత్త రూపము దాల్చెననియు, 2024 జనవరితో పాతది గతించెననియు, వాక్యములను దిద్దుటయు రేఖాగణితమును రెండును పోయినవనియు వాడు జాలితో వివరించెను. నా రాజు, వాని మంత్రులు, జారిన గొడుగు - అందఱును ఒక్క ఉత్తర్వుతో పదవీచ్యుతులైరి. డేటా సఫిషియెన్సీ మాత్రము కొత్తపేరు గల మఱొక విభాగమున తలదాచుకొన్నదట.

చిట్టాలోని ఆ విభాగపు పుటలు తీసి వాని కిచ్చితిని. ఒక రైలు లెక్కవద్ద వాడు నిలిచెను. దూరము 437 కిలోమీటర్లు, కాలము 5 గంటల 45 నిమిషములు, వేగము చెప్పవచ్చునా? రెండును కలిసిననే చాలును. గుర్తు పెట్టి సాగవలసినదే. వాడు సెల్‌ఫోను జోలికి పోక, నా చిట్టా అంచుననే భాగహారము మొదలుపెట్టెను.

"ఆగు, అక్కఱలేదురా. చాలును గదా" అంటిని.

"ఉండు మామయ్యా, సరిగ్గా తెగేట్టుంది" అనుచు వాడు రెండు నిమిషములు గీకి, తలయెత్తి, "డెబ్బయ్యారు! శేషం కూడా లేదు" అని నవ్వెను.

నేను వంగి చూచితిని. ఆ లెక్క ప్రక్కన నా దస్తూరితో, పండ్రెండేండ్ల క్రిందటి తేదీ వేసి, 'చాలును' అని మాత్రమే యున్నది. ఆ రైలు గంటకు డెబ్బదియాఱు కిలోమీటర్ల వేగమున పోవుచుండెనని నాకు ఆ దినము వఱకు తెలియదు.