బ్లూబెర్రీ చచ్చాక చేను వైపు చూశాను

మూడు నెలల్లో చంపేశాను ఆ మొక్కని. న్యూజెర్సీలో ఉండే మా చిన్నాయన కూతురు వాట్సాప్‌లో బుట్టెడు బ్లూబెర్రీల ఫొటో పెడితే నాకూ ఆశ పుట్టింది. ఆన్‌లైన్‌లో తెప్పించి, అనంతపురంలో మా మిద్దె మీద పెట్టాను. కుండీలో మా చేని ఎర్రమన్ను, బాగా మాగిన పేడ ఎరువు, రోజూ బోరు నీళ్ళు. ఇంతకన్నా ఎవరు చూసుకుంటారు? ఆకులు పసుపు తిరిగి, కొసలు మాడి, ఎండాకాలం ముదరకముందే పోయింది.

"ఆ దేశం చెట్టుకి ఈ ఎండ పడుతుందా?" అని నాయన తేల్చేశాడు.

ఎండ ఒక్కటే కాదు. బ్లూబెర్రీకి పుల్లటి నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా. మా బోరు నీళ్ళకేమో బిందెలో తెల్లగా సున్నం కడుతుంది. పైగా నేను ముద్దుచేసి వేసిన ఎరువు! ఫ్రెడరిక్ కోవిల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1910లోనే చెప్పాడట, బాగా ఎరువేసిన తోట మట్టిలో ఈ మొక్క బాగుపడదని, దానికి పుల్లటి నేలే దిక్కని. దాని వేళ్ళలో ఒక శిలీంధ్రం కాపురం ఉంటుందనీ రాశాడు. అంతదాకా అది అడవిలో ఏరుకునే పండే. తర్వాత న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడతో కలిసి దాన్ని సాగులోకి తెచ్చాడు. 1916లో మొదటి పంట అమ్మారు.

బ్లూబెర్రీ వేళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి కానీ, మామూలు మొక్కలకుండే వేరు నూగు వాటికి లేదు. ఆ లోటు శిలీంధ్రం తీరుస్తుంది. కుళ్ళిన ఆకుల్లో ఇరుక్కున్న నత్రజనిని లాగి మొక్కకి ఇస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది.

అక్కడితో ఆపితే ఇదొక కుండీ కథ. కానీ మా శెనక్కాయ వేళ్ళలోనూ ఇలాంటి చుట్టం ఉందని చదివాను. జాతి వేరు. మైకోరైజా అంటారు, వ్యవసాయం వాళ్ళు ముద్దుగా 'వ్యామ్' అంటారు. శెనక్కాయ వేళ్ళ మీది బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టుకుంటుంది, అది స్కూల్లోనే చదివాం. భాస్వరం సంగతి ఎవరూ చెప్పలేదు. ఎర్రనేలలో ఉండే ఇనుము భాస్వరాన్ని పట్టి బిగించేస్తుంది. బస్తాలకొద్దీ డీఏపీ చల్లినా చాలా భాగం వేరుకి అందదు. వేరు పోలేని సందుల్లోకి ఈ దారాలు పోయి తెస్తాయి. భాస్వరం ఎక్కువ వేస్తే మాత్రం మొక్క ఈ చుట్టాన్ని పెద్దగా పట్టించుకోదు.

నన్ను కుదిపింది ఇంకోటి. ఈ శిలీంధ్రం బతికున్న వేరు లేకుండా పెరగలేదు. మా చేనేమో శెనక్కాయ పీకాక మళ్ళీ ముంగారు దాకా బోడిగా ఎండుతుంది. ఆస్ట్రేలియాలో ఎక్కువ కాలం బీడు పెట్టిన చేలల్లో తర్వాతి పైరు గిడసబారితే, కారణం ఇదేనని తేల్చారు. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం వాళ్ళు వానలకు ముందే నవధాన్యాలు చల్లించేది, నేలమీద ఏదో ఒక పచ్చదనం నిలవడానికే.

నాయనకి చెప్తే, "వాన లేకుండా విత్తనం వేసేవాడిని ఊళ్ళో ఏమంటారో తెలుసునా?" అన్నాడు. అప్పు తెచ్చి సేద్యం చేసే మనిషి, ఆయన భయం ఆయనది. చివరికి అర ఎకరా ఇచ్చాడు, వేపచెట్టు పక్కది. అలసంద, కంది, జొన్న, సజ్జ, అనుము కలిపి మే నెలలో వేశాం. ఆవాలు, తోటకూర నేనే వద్దన్నాను. వాటి వేళ్ళకి ఈ శిలీంధ్రంతో పొత్తు కుదరదు. ఒక్క వానకి మొలిచింది. పక్కూరి జీవాలు పడి సగం మేసి పోయాయి, అదొక గొడవ.

మిగిలింది కలియదున్ని శెనక్కాయ వేశాం. ఆగస్టులో వాన మొహం చాటేసింది. మిగతా చేను మధ్యాహ్నానికే ఆకు ముడిచింది. అర ఎకరాలో రెండు మూడు రోజులు ఆలస్యంగా ముడిచింది. శిలీంధ్రం వల్లో, దున్నిన ఆకు తేమ పట్టడం వల్లో. ఈ దారాలు కంటికి కనిపించవు, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడాలి. నాయన మాత్రం గట్టుమీద కూర్చుని ఆ రెండు మళ్ళనూ చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

మొన్న ఫోన్ చేసి, "అలసంద విత్తనం సేరు ఎంత ఉందో కనుక్కో, రెండెకరాలకి" అన్నాడు. డీఏపీ కూడా తెచ్చాడులెండి, పోయినేడు కన్నా ఒక మూట తక్కువ.