నరకానికి గడువు

తాత పోయిన ఏడాదికి నాయనమ్మను యాదగిరిగుట్ట తీసుకెళ్లాను. దర్శనానికి కాదు. ఆమె బాప్తిస్మం తీసుకుని నలభై ఏళ్లు. తాత మాత్రం చివరిదాకా నరసింహస్వామినే నమ్ముకున్నాడు. ఆయన ఏటా మొక్కు తీర్చుకున్న చోటు ఒకసారి చూడాలంది, అంతే. గుట్ట కింద చెట్టు నీడలో కూర్చుని అడిగింది:

"మీ తాత నరకంల ఉన్నడా బిడ్డా? ఆదరణ కూడికల పాస్టరయ్య అట్లనే అన్నడు."

నాకు వెంటనే నోట మాట రాలేదు. ఇంటికొచ్చి బైబిల్ తీశాను.

సువార్తల్లో యేసు 'గెహెన్నా' అన్నచోట తెలుగు బైబిల్లో 'నరకం' అని ఉంటుంది. గెహెన్నా అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ, ఒకప్పుడు పిల్లల్ని అగ్నికి బలిచ్చిన చోటు. నరకమేమో మన పురాణాల మాట. భాగవతం ఐదో స్కంధంలో 28 నరకాలున్నాయి. ఎంత ఘోరమైనవైనా, పాపఫలం అనుభవించాక మళ్లీ జన్మే. అంటే ఈ మాటకు మన దగ్గర ముందునుంచీ గడువుంది. మత్తయి 25లో శిక్షకు ముందు చేరిన 'నిత్య' అనే మాట ఆ గడువు తీసేసింది.

దాని గ్రీకు మూలం 'ఐయోనియోస్'. అందులో ఉన్నది 'యుగం' అనే మాట. 3వ శతాబ్దపు ఓరిజెన్, 4వ శతాబ్దపు నిస్సా గ్రెగరీ శిక్షను వైద్యంలా చూశారు, చివరికి అందరూ బాగుపడతారని ఆశించారు. ఆగస్టీన్ ఒప్పుకోలేదు. అదే వాక్యంలో జీవానికీ అదే మాట వాడారు కాబట్టి, శిక్షకు గడువుంటే నిత్యజీవానికీ ఉండాలి కదా అన్నాడు. బలమైన వాదనే, కొట్టిపారేయలేను.

కానీ అదే అధ్యాయం మొత్తం చదివితే, ఆ శిక్ష ఎవరికి? ఆకలైనవాడికి అన్నం పెట్టనివాళ్లకు, పరదేశిని ఇంట్లోకి రానివ్వనివాళ్లకు. బాప్తిస్మం ఊసే అక్కడ లేదు. తాత ఇంటికొచ్చినవాణ్ణి తినకుండా పంపడం నేనెప్పుడూ చూడలేదు.

నాయనమ్మకు గ్రీకు చెప్పలేదు, ఈ అన్నం సంగతే చెప్పాను. కాసేపు ఊరుకుని, తాత ఎప్పుడో చెప్పిన కథ అందుకుంది. "హిరణ్యకశిపుణ్ణి చంపినంక ఆ పిలగాడు ఏమడిగిండు? మా నాయనను మన్నించుమనే గద. స్వామి సరే అన్నడంట."

చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడం ఆమె సంఘంలో లేదు. ఆ రాత్రి నుంచి ఆమె చేస్తోంది, యేసు పేరునే.