నిలబెట్టిన కారుకీ ఇన్సూరెన్సేనా వదినా!

వదినా, ఓ వదినా! ఆ చేట పట్టుకుని ఇలా గోడ దగ్గరికి వచ్చెయ్, బియ్యం ఏరుకుంటూనే వినొచ్చు. అమెరికా నుంచి దిగి పది రోజులైంది, నీతో తీరిగ్గా మాట్లాడిందే లేదు. కనిపించిన వాళ్ళందరూ ‘ఫ్లోరిడా వెళ్ళావుగా, డిస్నీ చూశావా’ అనేవాళ్ళే. చూశాన్లే. నాకు గుర్తుండిపోయింది మాత్రం మా అల్లుడి లైసెన్సు పోయిన ముచ్చట.

పారేసుకోలేదమ్మా, సర్కారు వాళ్ళే ఆపేశారు. తాగి నడిపాడా అంటావేంటి! మజ్జిగ పులిస్తేనే పక్కన పెట్టేసే మనిషి. కారుకి ఇన్సూరెన్సు లేదని సస్పెండ్ చేశారు.

మా చిన్నదాని పెళ్ళికి వాళ్ళు జనవరిలో వచ్చి మార్చి నెలాఖరు దాకా ఉన్నారు కదా. బయల్దేరే ముందు మా అల్లుడు కూర్చుని లెక్క వేశాడు. కారు ఇంటి ముందు కదలకుండా పడుంటుంది, కదలని కారుకి నెలకి 150 డాలర్లు ఎందుకు దండగ అని పాలసీ ఆపించేశాడు. ఊరెళ్తూ మనం పాలబ్బాయికి వద్దని చెప్పి పోతాం చూడు, అలాగ. నాతో చెప్పినప్పుడు నేనూ మెచ్చుకున్నాను సుమా. రూపాయి విలువ తెలిసిన కుర్రాడు అనుకున్నాను.

అక్కడే దెబ్బతిన్నాడు. ఆ రాష్ట్రంలో ఇన్సూరెన్సు కట్టేది చక్రాలు తిరుగుతున్నందుకు కాదట, నంబరు ప్లేటు ఉన్నందుకట! ప్లేటు బతికున్నన్నాళ్ళు పాలసీ ఉండి తీరాలి. కారు నీడపట్టున ఉందా, ఇంజను పాడై మూలన పడిందా అని ఎవరూ చూడరు. మానెయ్యాలంటే ముందు ప్లేటు ఊడదీసి ఆఫీసులో అప్పజెప్పాలి, రసీదు తీసుకోవాలి, ఆ తరవాతే పాలసీ ఆపాలి. ఈయన రెండోది ముందు చేసి మొదటిది మర్చిపోయాడు. పాలసీ ఆగిన సంగతి కంపెనీ వాళ్ళు కంప్యూటర్లోనే రాష్ట్రానికి చెప్పేస్తారు. ఇక పోలీసు ఆపక్కర్లేదు, నువ్వు ఎవర్నీ గుద్దక్కర్లేదు.

ఉత్తరం ఎందుకు రాదు, వచ్చింది. పాత ఇంటికి! డిసెంబరులోనే ఇల్లు మారారు మరి. ఇల్లు మారిన 10 రోజుల్లో వీసా వాళ్ళకి చెప్పాలని రూలు. ఆ పని మాత్రం సామాన్లు విప్పకముందే చేశాడు, భయం కదా. లైసెన్సు వాళ్ళకి చెప్పడానికి 30 రోజులు గడువుంది. గడువున్న పనులన్నీ ఏమవుతాయో నీకు చెప్పాలా? మనం ఇక్కడ పందిట్లో వియ్యాలవారికి కాఫీలు అందిస్తుంటే, అక్కడ ఈయన లైసెన్సు చల్లగా ఆగిపోయింది.

వాళ్ళతోపాటే నేనూ వెళ్ళానుగా. దిగిన మర్నాడే కొత్త పాలసీ తీసుకున్నాడు. తీసుకుంటే పాతది మాఫీ అయిపోతుందనుకున్నాడు. అవదట. రుజువు చూపించి ఫీజు కట్టేదాకా సస్పెన్షను అలాగే కూర్చుంటుంది. ఆ సంగతి తెలియక రెండు వారాలు ఊరంతా తిప్పాడు నన్ను. గుడికి, సముద్రానికి, ఇండియా కొట్టుకి. తెలిసి నడిపితే మొదటిసారైనా 60 రోజుల దాకా జైలట, 500 డాలర్ల దాకా జరిమానా అట. తరవాత విని నా కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఎలా తెలిసిందంటే, లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. వీసా గడువు ఎంతుంటే లైసెన్సూ అంతే ఇస్తారు కదా వీళ్ళకి. ‘టాక్స్ కలెక్టర్ ఆఫీసుకి వెళ్దాం అత్తయ్యా’ అనేసరికి, కలెక్టరు గారి దగ్గరికేమో అని పట్టుచీర కట్టుకున్నాను. నవ్వకు! తీరా వెళ్తే మన కరెంటు బిల్లుల ఆఫీసులా వరసగా కౌంటర్లు. అక్కడ జిల్లాల్లో పన్నులు వసూలు చేసే ఆఫీసులోనే లైసెన్సులూ ఇస్తారట. కౌంటర్లో పెద్దావిడ ఎంతో మర్యాదగా మీట నొక్కి చూసి, ‘మీ లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంది, ఇక్కడికి ఎలా వచ్చారు?’ అంది. ఈయన నోట మాట లేదు. నేనే నయం, ఏమీ అర్థం కాక నవ్వుతూ నిలబడ్డాను.

మొదటిసారి కాబట్టి ఫీజు 150 డాలర్లు. మూడేళ్ళలోపు మళ్ళీ జరిగితే 250, ఆపైన 500. ఫీజుదేముంది, అప్పటికప్పుడే కట్టేవాడు. పాలసీ కాగితంలో వచ్చింది తంటా. మనవాళ్ళ పేర్లు తెలుసుగా, అసలు పేరేదో ఇంటిపేరేదో మనకే తికమక. కొత్త పాలసీలో ఇంటిపేరు ముందుకొచ్చి పేరు వెనక్కి పోయింది. లైసెన్సు మీద పేరుతో కలవలేదు. కంపెనీ వాళ్ళతో సరిచేయించుకుని రమ్మంది. ‘ఈలోగా ఆఫీసుకి వెళ్ళడానికైనా తాత్కాలికంగా ఏదైనా ఇవ్వండి’ అని బతిమాలాడు. వేరే కేసుల్లో అలాంటివి ఉంటాయేమో గానీ, ఇన్సూరెన్సు కేసుల్లో ఆ ఏర్పాటే లేదట.

అమ్మాయికి లైసెన్సుంది కదా అంటావా? నేనూ అదే అడిగాను. కారు రిజిస్ట్రేషను కూడా ఆగిపోయింది కదా, ఎవరు నడిపినా తప్పే. కారు అక్కడే వదిలేసి ఉబర్లో ఇంటికొచ్చాం. నాలుగు రోజులు! పాల డబ్బా కావాలన్నా ఉబరే. వాళ్ళింటి చుట్టుపక్కల నడిచి వెళ్ళగలిగింది చెరువు గట్టొకటే, అక్కడేమో మొసలి ఉందని బోర్డు.

అయిదోరోజు కాగితం సరయింది, ఫీజు కట్టాడు, అక్కడికక్కడే తెరిచేశారు. మూడు నెలలకి 450 మిగిల్చానన్నవాడు, ఫీజు, ఉబర్లు, మధ్యలో తెగింది కాబట్టి కొత్త పాలసీకి పెరిగిన రేటు, అన్నీ కలిపి చూసుకుని ఆ లెక్క మా అమ్మాయికి చూపించలేదు. అదీ అడగలేదు. అది నా పెంపకం.

ఈయనది తేలిగ్గానే పోయిందిట. టెక్సాస్‌లో ఉన్న వాళ్ళ స్నేహితుడు ఇన్సూరెన్సు లేకుండా రెండుసార్లు దొరికితే, ఎస్ఆర్-22 అని ఒకటి పెట్టమన్నారు. అది ఇన్సూరెన్సు కాదు, పూచీకత్తు లాంటిది. ‘ఇతనికి పాలసీ ఉంది’ అని కంపెనీయే రాష్ట్రానికి రాసిస్తుంది. రెండేళ్ళు నడవాలి. మధ్యలో ఒక్క వాయిదా తప్పి పాలసీ పోయిందా, కంపెనీయే చెప్పేస్తుంది, లైసెన్సు మళ్ళీ పోతుంది. కాలిఫోర్నియాలో అయితే మూడేళ్ళట.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు వదినా. ఇంత పట్టుబడతారా, ఫ్లోరిడాలో తప్పనిసరి ఇన్సూరెన్సంటే మన వైద్యానికి 10,000 డాలర్లు, ఎదుటివాడి ఆస్తి నష్టానికి 10,000. మనం గుద్దిన మనిషి కాలు విరిగితే దానికి కట్టించుకోవడం మామూలు వాళ్ళకి తప్పనిసరి కాదట! మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ అసలు పుట్టిందే ఆ దెబ్బతిన్నవాడి కోసం, ప్రాణం పోయినా గాయమైనా కోర్టు ఎంతంటే అంత. మనకి మంచి రూలుంది, కట్టేవాళ్ళే లేరు.

మీవాడి స్కూటరు సంగతి చూసుకున్నావా? 2019లో కొన్నారుగా. అంతకు ముందు ఏడాదే సెప్టెంబరు నుంచి కొత్త బళ్ళకి అయిదేళ్ళది ఒకేసారి కట్టించుకోవడం మొదలుపెట్టారు. అంటే 2024తో సరి. తరవాత కట్టాడా? ఏమో అంటావేంటి! దొరికితే మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000, జైలు కూడా రాసుంది చట్టంలో.

కాగితం డిక్కీలో ఉంటుందా? సరే, ఆ డిక్కీ తీసి... అదేంటి, ఆ చప్పుడు మీ స్కూటరుదేనా? ఎక్కడికి వెళ్తున్నాడు? బస్టాండు దగ్గర పొద్దున్నుంచీ బళ్ళు ఆపుతున్నారని మావారు ఇప్పుడే అన్నారు. ఒరేయ్ నాన్నా, ఆగరా! వదినా, చేట నాకిచ్చి నువ్వు గేటు దగ్గరికి పరిగెత్తు!