లేత్ మిషను మీద ప్రార్థన



పోయిన నెల మన యువసోదరుడు ఒకరు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క లేత్ పెట్టుకున్నాను. మీరొచ్చి ప్రార్థన చేస్తే పని మొదలుపెడతాను" అన్నాడు. బండి కొన్నా, బోరు వేసినా ప్రార్థన చేయించుకునే అలవాటు మనది. సంతోషంగా వెళ్లాను.

వాళ్లమ్మ స్వీటు పెట్టె సిద్ధంగా పెట్టింది. కుర్రాడి చేతులకు గ్లవ్స్, మెడలో తువ్వాలు. గ్లవ్స్ జాగ్రత్త కోసమేనట! నేను బైబిలు తెరవలేదు. "ముందు అవి రెండూ తీసేయ్ బాబూ" అన్నాను.

మా నాన్నగారు వడ్రంగి అని మీలో కొందరికి తెలుసు. సెమినరీకి వెళ్లకముందు నేనూ ఆయన లేత్ మీద మంచం కోళ్లు తిప్పేవాణ్ణి. ఒక వేసవి మధ్యాహ్నం నా మెడలో తువ్వాలు కొస తిరిగే కర్రకు చుట్టుకుంది. చెయ్యి స్విచ్ వైపు వెళ్లేలోపే తలను మిషను మీదికి లాగేసింది. బెల్టు పాతదై వదులుగా ఉండి జారిపోయింది కాబట్టి బతికాను. నాన్నగారు ఒక్క మాట అనలేదు. మంచినీళ్లిచ్చి, షెడ్డు తలుపు వేసేశారు. గ్లవ్స్ అయినా అంతే. గుడ్డ చిక్కుకుంటే చెయ్యి కూడా వెళుతుంది.

"ఏం చేద్దామని కొన్నావు?" అని అడిగాను. మంచం కోళ్లు అన్నాడు. ఆ మిషను రెండు మొనల మధ్య దూరం అడుగున్నర. కోడు అందులో పట్టదు! సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని తెచ్చాడు. కొనేవాళ్లు ముందు చెయ్యబోయే వస్తువు పొడవు, లావు కొలుచుకోండి. బరువైన పోత ఇనుము మిషను చూడండి, తేలికది వణుకుతుంది. వేగం తగ్గించుకునే వీలుండాలి. పది అంగుళాల దుంగ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 70 కిలోమీటర్లు దాటి పరిగెడుతుంది. అది ఊడి మొహానికి తగిలితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. పెద్ద కర్రకు తక్కువ వేగం, పగులున్న కర్రకు పొయ్యి!

బల్ల కూడా ఊగుతోంది. "ఇవాళ ప్రార్థన వద్దు, ఇది బిగించాక వస్తాను" అన్నాను.

వాళ్లమ్మ నొచ్చుకుంది. "ప్రార్థన చేస్తే దేవుడు కాపాడడా అయ్యగారూ?" అంది.

ఆ మాటకు మొదట కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. అలా అనుకునేలా బోధించింది మేమే కదా. ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చదివాను. కొత్త ఇల్లు కట్టేవాడు మేడ మీద పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడిపోయినవాడి రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది. ఆజ్ఞ ఇచ్చింది దేవుడే. గోడ కట్టాల్సింది మాత్రం ఇంటివాడు. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే వీడికి గోడ ఏంటి?" అని అడిగింది. మంచి ప్రశ్న.

మొహం మొత్తం కప్పే షీల్డు, దుమ్ముకు మాస్కు, బిగుతు చొక్కా. స్విచ్ వేసేముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూడడం. చక్ తాళం తీసి పక్కన పెట్టడం. ఉలిని ఆనించే దిమ్మ కర్రకు దగ్గరగా ఉండాలి, ఉలి ముందు దిమ్మకు ఆనాలి, తర్వాతే కర్రకు. దిమ్మ జరపాలంటే మిషను ఆపాలి. ఉలికి పదును ఉండాలి. మొండి ఇనుముతో బలమంతా పెట్టాల్సి వస్తుందని ప్రసంగి 10:10లో ఉంది. అలా బలం పెట్టినప్పుడే చెయ్యి జారుతుంది.

పది రోజుల తర్వాత మళ్లీ పిలిచాడు. మిషనును ఇనుప స్టాండు మీద బోల్టులతో నేలకు బిగించాడు. షీల్డు వాళ్లమ్మే డబ్బులిచ్చి కొనిపించిందట. అప్పుడు ప్రార్థన చేశాం, స్వీటు తిన్నాం.

మొదటి పప్పుగుత్తి మా ఇంటికే వచ్చింది. ఒక పక్క కొంచెం లావు. అమ్మగారు రోజూ దానితోనే పప్పు మెదుపుతున్నారు.